పదకొండు తర్వాతి నీళ్ళు

అక్కయమ్మ పళ్ళెంలో పెట్టిన అన్నం పసుపుపచ్చగా ఉంది. పులిహోర కాబోలనుకుని లిడియా మురిసిపోయింది. పెళ్ళయి మూడు నెలలే అయింది, వంట ఇంకా చేతికి లొంగలేదు. ఎవరు ఏం వండిపెట్టినా ఆమెకు పండగే. తీరా ముద్ద చేసి నోటిదాకా తెచ్చాక చూస్తే పులుపు వాసన లేదు, పోపు జాడ లేదు.

అక్కయమ్మ చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"తినేకి కాదు పాపా, చూసేకి పెట్టినా. తెల్లన్నమే అది. పసుపు గిసుపు ఏం ఏయలే. నీళ్ళు అట్ల ఉండాయి."

పీణ్య పారిశ్రామికవాడలో క్రోమియం పూత పూసే షెడ్ల వెనక ఒక సందు, సందులో నలభై ఇళ్ళు, నలభై ఇళ్ళకూ ఒకటే బోరు. సందు మొదట్లో తోపుడుబండి పెట్టి అక్కయమ్మ షెడ్ల పనివాళ్ళకు రాగిముద్ద, చారు, అన్నం అమ్ముతుంది. లిడియా ఆమెకు 'టెస్టింగు పాప'. నెలకోసారి ఉదయం ఎనిమిదింటికి నీళ్ళ బోర్డు మనిషితో కలిసి సీసాలు పట్టుకుని రావడం, నీళ్ళు నింపుకుని తొమ్మిదికల్లా వెళ్ళిపోవడం ఆమె పని. ఈ సోమవారం సంతకం మరిచిపోయిన కాగితం ఒకటి ఉండబట్టి మధ్యాహ్నం పన్నెండున్నరకు మళ్ళీ వచ్చింది. ఆ మతిమరుపే లేకపోతే ఈ అన్నం ఆమె కంటపడేది కాదు.

"పొద్దున నీళ్ళు అద్దం మాదిరి ఉంటాయి," అంది అక్కయమ్మ, పళ్ళెం తీసి పక్కన పెడుతూ. "పదకొండు కొట్టినాక ఆ వెనక షెడ్ల ట్యాంకర్లకు నీళ్ళు నింపే బోరు ఏస్తారు. దాని తర్వాత ఇట్ల వస్తాది. సాయంత్రం ఆపితే తెల్లారేసరికి మళ్ళా సరిపోతాది. ఆదివారం ట్యాంకర్లు రావు, ఆ పొద్దు దినమంతా బాగుంటాది. మీ బోర్డాయనకు ఎన్ని తూర్లు చెప్పినా ఊరికే సుమ్నే తల ఊపుతాడు."

లిడియా లేచి బోరు దగ్గరకు వెళ్ళి, సంచిలో మిగిలిన సీసా ఒకటి నింపింది. ఎండకు ఎత్తి చూస్తే నీళ్ళు చామంతి రంగులో ఉన్నాయి. చూడ్డానికి ముద్దొచ్చే రంగు. ఆ ముద్దొచ్చే రంగుకే భయపడి సీసాను సంచి అడుగున దాచింది.

*

ఆఫీసు రాజాజీనగర్‌లో ఇనుప సామాన్ల కొట్టు మీద రెండు గదులు. యజమాని జ్ఞానప్రకాశం గారిది చిత్తూరు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. నేలలో కలిసిన విషం ఎటు పోతుందో, ఎన్నేళ్ళకు ఎంత దూరం చేరుతుందో కంప్యూటర్ మీద లెక్కగట్టి రిపోర్టులు ఇవ్వడం ఆయన వృత్తి. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివిన లిడియాను పిలిచి ఉద్యోగం ఇచ్చింది ఆయనే. పెళ్ళికి గోడగడియారం ఇచ్చిందీ ఆయనే. ఆ పెళ్ళికి మొత్తం ఆరు గోడగడియారాలు వచ్చాయి. ఆయనది ఒక్కటే సరైన టైము చూపిస్తుందని దాన్ని మాత్రం గోడకెక్కించారు.

శుక్రవారం పీణ్యలో మీటింగు. సందుకు కావేరి పైపు వేయాలా, ఉన్న బోరుతోనే సరిపెట్టుకోవచ్చా అన్నది బోర్డు ఆ రోజు తేల్చేస్తుంది. తేల్చేది జ్ఞానప్రకాశం గారి రిపోర్టును బట్టే. అందులోని మ్యాపుకు రంగులు వేసే పని లిడియాది. మ్యాపు మీద విషం, పెనం మీద పలచగా తిప్పిన అట్టులా గుండ్రంగా, మెత్తగా పరుచుకుని ఉంది. ఎక్కడ చూసినా ప్రమాదపు గీత కంటే కాస్త తక్కువే. అక్కయమ్మ సందు మీద కూడా.

లిడియా చామంతి రంగు సీసాను ఆయన బల్ల మీద పెట్టి జరిగింది చెప్పింది. ఆయన సీసాను వెలుతురుకు ఎత్తి చూశారు. మూత బిగించారు.

"అమ్మా లిడియా, ఒక సీసా సాక్ష్యం కాదు. తీసిన టైముకు బోర్డు మనిషి లేడు, సీలు లేదు, సంతకం లేదు. ఎక్కడిదంటే ఏం చెప్తాం?"

"మన మ్యాపు ప్రకారం ఈ నీళ్ళు ఇలా ఉండకూడదు సార్. అంటే మ్యాపులోనే ఏదో ఉంది."

ఆయన నొచ్చుకున్నారు. ఆ మ్యాపును లెక్కగట్టే ప్రోగ్రాం ముప్పై ఎనిమిదో ఏట ఆయన తన చేత్తో రాసుకున్నది. నేలను యాభై మీటర్ల గళ్ళుగా కోస్తుంది. ఒక గడిలో పడ్డ విషం గడి నిండా సమానంగా పరుచుకున్నట్టే లెక్క. కాలం ఒక అడుగు ముందుకు జరిగితే అందులో కొంత పక్క గడికి పోతుంది, పోగానే అక్కడా సమానంగా పరుచుకుంటుంది. గడి గడికీ ఇలా పలచబడుతూ పోతే చివరికి ఎవరి వాటాకూ ఏమీ మిగలదు. పీణ్య అడుగున ఉన్నది రాయి. రాతిలో పగులు ఉంటే నీళ్ళు ఆ పగులు వెంట సన్నగా పరుగెడతాయి తప్ప యాభై మీటర్లు పరుచుకోవు. ఉన్న విషాన్నంతా కాగితం మీద ఊరందరికీ కొంచెం కొంచెం పంచేసి, ఎవరికీ ఏమీ కాలేదంటున్నాం అనిపించింది లిడియాకు. అలా అనలేక, గళ్ళు చిన్నవి చేద్దాం సార్ అంది.

"రెండు మీటర్ల గళ్ళు చేస్తే ఏమవుతుందో తెలుసా? ఒక్కో అడుగులో విషం ఒక గడికి మించి దాటకూడదు. దాటిందా, లెక్క పేలిపోతుంది. గడి చిన్నదైతే అడుగూ చిన్నదవుతుంది. నేను లెక్క వేసి చూశాను, మన మెషీన్ మీద తొమ్మిది రోజులు పడుతుంది. మనకున్నవి నాలుగు." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "మ్యాపుకు రంగులెయ్యి. మిగతా టైములో ఏం చేసుకుంటావో నీ ఇష్టం."

*

మంగళవారం ఉదయం క్రిస్టోఫర్ తెల్ల యూనిఫాంకు నీలి పెట్టాలి. అతను ఆస్పత్రిలో నర్సు. పెళ్ళిచూపులనాడు ఆ మాట చెప్పి, నవ్వుతుందేమోనని ఆమె ముఖం వంక చూశాడు. ఆమె నవ్వలేదు. ఆ లెక్కన ఆమెకు జన్మంతా రుణపడి ఉన్నానని ఇప్పటికీ అంటాడు.

దాసరహళ్ళిలో వాళ్ళ ఇంటి వెనక కుళాయి కింద బకెట్టు నిండుతోంది. లిడియా ఆలోచనలో పడి, నీలిని ముందు చెంబులో కలపకుండా తిన్నగా బకెట్టులోకే వంచింది. నీలి కలవలేదు. కుళాయి ధార వెంట తాడులా దిగి, అడుగున మెలిక తిరిగి, అంచు వెంట పైకి లేచింది. తాడుకు రెండు పక్కలా నీళ్ళు తేటగానే ఉన్నాయి.

"అయ్యో, చొక్కా," అన్నాడు క్రిస్టోఫర్. అప్పటికే చొక్కా మునిగిపోయింది. జేబు మీద నీలి నాలుక ఒకటి అంటుకుంది.

లిడియా బకెట్టు ముందు గొంతుక్కూర్చుని కదల్లేదు. పెళ్ళికి ముందు వాళ్ళమ్మ నూరుసార్లు చెప్పింది, నీలి ముందు చెంబులో కలిపి ఆ తర్వాత బకెట్టులో పొయ్యమని. సారు ప్రోగ్రాం చేసేది అచ్చంగా అదే. ముందే కలిపేస్తుంది. భూమికి అలా కలిపి పోసే అమ్మ ఎవరూ లేరు.

విషం నేలలో చేసే పనులు మూడు. నీళ్ళ వెంట కొట్టుకుపోతుంది. పోతూ పోతూ కాస్త పక్కలకు పరుచుకుంటుంది. దారిలో మట్టిలోని ఇనుము తగిలిన చోట కొంత విరిగి, హాని లేనిదిగా మారుతుంది. సారు ప్రోగ్రాం మూడింటినీ ఒకే అడుగులో కట్టగట్టి నడిపిస్తోంది. మూడింటిలో తొందరెక్కువ ఉన్నదాని కోసం మిగతా రెండూ చిన్నచిన్న అడుగులు వెయ్యాల్సి వస్తోంది. విడదీస్తే? ముందు కొట్టుకుపోవడం ఒక్కటే. ప్రతి గడినీ, గంట కిందట నీలోని నీళ్ళు ఎక్కడ ఉండేవని అడగాలి. అక్కడికి వెనక్కి నడిచి వెళ్ళి, అక్కడున్నదాన్ని తెచ్చి ఇక్కడ పెట్టాలి. వెనక్కి నడిచేటప్పుడు ఎన్ని గళ్ళు దాటినా లెక్క పేలదు. తర్వాత పరుచుకోవడం విడిగా. ఆ తర్వాత విరగడం, అదీ విషం ఉన్న గళ్ళలో మాత్రమే.

"క్రిస్, నేను తొమ్మిది రోజుల్ని ఒక పూటకు దింపుతా," అంది.

"నా జేబు మీది మరకను కూడా దింపితే డ్యూటీకి పోతాను," అన్నాడతను. మరక దిగలేదు. నీలి నాలుక జేబుతోనే డ్యూటీకి పోయి, వార్డులో అడిగినవాళ్ళకల్లా మా ఆవిడ లెక్క వేసింది అని చెప్పుకున్నాడు.

*

ఆఫీసులో రెండో కంప్యూటరు ఉత్తరాలు టైపు చేసే పాత మెషీన్. దాని మీద మంగళవారమంతా, బుధవారం సగం రోజు ఆమె కూర్చుంది. మొదటిసారి నడిపితే కొన్ని గళ్ళలో విషం సున్నా కంటే తక్కువ వచ్చింది. భూమి విషానికి బాకీ పడిందన్నమాట. ఆమె ఒక్కతే పగలబడి నవ్వి, రెండు గళ్ళ మధ్య విలువను అంచనా కట్టే చోట తప్పు పట్టుకుంది. రెండోసారి అంతా సరిగ్గా వచ్చింది, కానీ మ్యాపు మీద విషపు నాలుక సందు వైపే పోలేదు. తిన్నగా దక్షిణంగా, ఎవరూ లేని ఖాళీ స్థలంలోకి పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది ట్యాంకర్ల బోరు. సారు ప్రోగ్రాంలో ఆ బోరు రోజంతా కొంచెం కొంచెంగా తోడుతున్నట్టు ఉంది. అది ఎప్పుడు వేస్తారో, ఎప్పుడు ఆపుతారో ఏ కాగితంలోనూ లేదు. ఆమె బస్సెక్కి పీణ్య వెళ్ళి అక్కయమ్మ బండి పక్కన స్టూలు మీద కూర్చుంది. అక్కయమ్మకు గడియారం లేదు, ఉన్న ఒక్కటీ వాళ్ళాయన పోయిన్నాడే ఆగిపోయిందట. అయినా ముద్ద కెలుకుతూ అన్నీ చెప్పింది. మొదటి షిఫ్టు టీకి వచ్చేటప్పుడు పంపు వేస్తారు. ఆరు ట్యాంకర్లు నింపుతారు. ఆరోది పోయేసరికి బళ్ళోనుంచి పిల్లలు వస్తారు. శనివారం నాలుగే. పంపు వేసేది తిరుపాలు, రెండేళ్ళుగా తన దగ్గరే తింటున్నాడు. లిడియా బస్సు టికెట్టు వెనక రాసుకుంది.

ఆ టైములు పెట్టి మూడోసారి నడిపింది. మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది. ఆ సేపంతా ఆమె మ్యాపుకు బుద్ధిగా రంగులు వేసింది. ప్రింటరు గరగరలాడుతూ కాగితాన్ని వరస వరసగా బయటికి తోస్తుంటే పక్కన నిలబడి చూసింది. చుట్టూ పన్నెండు బోర్లు శుభ్రంగా ఉన్నాయి, సారు మ్యాపు కంటే శుభ్రంగా. షెడ్ల వెనక మురికినీళ్ళు వదిలే గుంట నుంచి ఒక సన్నటి నాలుక మాత్రం పంపు ఆగినప్పుడు పక్కకు ఒరుగుతూ, పంపు వేసిన నలభై నిమిషాలకు సందు బోరును తాకుతోంది. ప్రమాదపు గీతకు నలభై రెట్లు. ఆ దారిలోని మట్టి విరగ్గొట్టగలిగినంతా ఎప్పుడో విరగ్గొట్టి అలిసిపోయింది; ఇక దాని చేతిలో ఏమీ లేదు.

*

గురువారం జ్ఞానప్రకాశం గారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. పెన్సిలుతో మూడు చోట్ల ఆగి, మూడు ప్రశ్నలు అడిగారు. మూడింటికీ ఆమె జవాబు చెప్పింది. వెనక్కి నడిచే చోట ఆయన తల దానంతట అదే ఊగింది. ఊగిందని గమనించి ఆపుకున్నారు.

"బాగుంది. దాచుకో. రేపు మాత్రం తేవద్దు."

"ఎందుకు సార్?"

"ఇరవై ఏళ్ళుగా ఈ ప్రోగ్రాంతో ముప్పై రిపోర్టులు ఇచ్చినాను. ఇది తప్పంటే ఆ ముప్పయింటికీ ఏం జవాబు చెప్పేది?"

లిడియా వేళ్ళకు ఇంకా నీలి ఉంది. ఆ వేళ్ళతోనే కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"మీరు రాసిన రోజుల్లో మెషీన్లు అంతే సార్. అప్పుడది తప్పు కాదు. ఇప్పుడు తెలిసీ ఇస్తే తప్పవుతుంది. రేపు నేను వస్తే ఇదీ వస్తుంది."

"అయితే సోమవారం నుంచి నువ్వు ఇక్కడికి రానక్కర్లేదు."

ఆయన గొంతు పెంచలేదు. ఆమె కూడా పెంచలేదు. సరే సార్ అని, రంగులేసిన మ్యాపును అట్టలో చుట్టి ఆయన బల్ల మీద పెట్టి వచ్చింది.

సాయంత్రం ఈ సంగతి చెబితే క్రిస్టోఫర్ వంకాయ తరగడం ఆపి ఆలోచించాడు. "గడియారాలు ఐదు మిగులున్నాయి కదా, కొట్టు పెట్టుకుందాం," అన్నాడు. తర్వాత నవ్వు మాని, "తీసుకెళ్ళు. నీలి మరకకు నేను మాట పడ్డాను. అది ఊరికే పోకూడదు," అన్నాడు. ఆ రాత్రి వంకాయ కూర మాడలేదు. మూడు నెలల్లో మొదటిసారి.

*

మీటింగు పూత షెడ్ల యజమానుల సంఘం హాల్లో పదింటికి మొదలైంది. బోర్డు అధికారి వెంకటరమణప్ప రిటైరు కాబోతున్న మనిషి; ఎవరు మాట్లాడినా కళ్ళు మూసుకుని వింటాడు. సంఘం సెక్రటరీ ఓంకార్ అందరికీ తన చేత్తోనే కాఫీలు అందించాడు. జ్ఞానప్రకాశం గారు రంగుల మ్యాపు పరిచి పది నిమిషాలు మాట్లాడారు. ఆయన కూర్చోగానే లిడియా లేచి, నాలుగు మడతల కాగితం విప్పి దాని పక్కన పరిచింది.

ఆమె చెప్పవలసింది అయిదు ముక్కల్లో చెప్పింది. చివరికి, "ఈ రెండు మ్యాపుల్లో ఏది నిజమో నా మాట మీద నమ్మొద్దు సార్. బోరు ఇక్కడికి నాలుగు అడుగులే. పదకొండు తర్వాత ఒక సీసా మీరే పట్టండి," అంది.

వెంకటరమణప్ప కళ్ళు తెరిచాడు. నెలనెలా శాంపిలు ఎన్నింటికి తీస్తున్నారని అడిగాడు. ఎనిమిదికి అన్నారు. "ఎందుకప్పా ఎనిమిదికే?" అన్నాడు. ఎప్పటినుంచో అంతే అన్నారు.

పదకొండూ ముప్పావుకు అందరూ సందులో ఉన్నారు. అక్కయమ్మ బోరు కొట్టింది. నీళ్ళు అద్దంలా వచ్చాయి. ఇంకో బిందె కొట్టింది. అద్దమే. ఓంకార్ చిన్నగా నవ్వి వెంకటరమణప్పకు గొడుగు పట్టాడు. లిడియా కొంగు కొసను వేలికి చుట్టి బిగిస్తూ నిలబడింది. జ్ఞానప్రకాశం గారు ఆమె వైపు చూడలేదు.

అక్కయమ్మ మాత్రం చెవి ఒగ్గి వింటోంది.

"పంపు సద్దే లేదే," అంది. "ఎన్నడూ లేంది ఈ పొద్దు ట్యాంకర్లు రాలే. ఎవరప్పా రావద్దన్నది?"

ఓంకార్ గొడుగు కాస్త వాలింది. కరెంటు ఏదో ఇబ్బంది అని గొణిగాడు. అక్కయమ్మ అతని మాట పూర్తిగా వినకుండా గరిటె పట్టుకునే షెడ్ల వెనక్కి నడిచింది. ఆమె గొంతు సందు దాకా వినిపించింది. "రేయ్ తిరుపాలూ, రెండేండ్లుగా ఎవరి చేతి ముద్ద తింటుండావురా నువ్వు? ఏయి పంపు." కాసేపటికి పంపు దడదడమంటూ లేచింది. పదకొండు యాభై రెండు.

జ్ఞానప్రకాశం గారు మెల్లగా వచ్చి లిడియా పక్కన నిలబడ్డారు. "నీ లెక్కకు ఎంతసేపు?"

"నలభై నిమిషాలు సార్."

ఆయన చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకుని, మోరీ గట్టు మీద కూర్చున్నారు. అధికారికి అక్కయమ్మ స్టూలు వేసింది. ప్రతి ఐదు నిమిషాలకూ ఒక గ్లాసు పట్టి గట్టు మీద వరసగా పెట్టారు. పన్నెండూ పది. తేట. పన్నెండూ ఇరవై. తేట. పన్నెండూ ముప్పై. తేట. పన్నెండూ ముప్పై రెండుకు లిడియా తనే కొట్టి పట్టింది. అదీ తేటగానే ఉంది.

"పోదామా సార్, భోజనాలు చల్లారిపోతున్నాయి," అన్నాడు ఓంకార్.

"ఉండప్పా," అన్నారు జ్ఞానప్రకాశం గారు, గడియారం మీది నుంచి తల ఎత్తకుండానే. "లెక్క సరైందే. నేను చూసినాను. రాయి కదా, రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ అవుతాది. కూర్చో."

లిడియా ఆయన వైపు తిరిగింది. ఆయన ఇంకా ముల్లునే చూస్తున్నారు.

పన్నెండూ ముప్పై అయిదుకు బోరు మూతి దగ్గర ధార రంగు మారింది. ముందు ఎవరికీ తెలియలేదు. తర్వాత గట్టు మీద చివరి గ్లాసు చామంతిలా కనిపించింది. అప్పుడు అన్ని గ్లాసుల వరస చూస్తే చిన్నపిల్లకైనా తెలిసిపోయేంత తేడా.

"నలభై మూడు," అన్నారు జ్ఞానప్రకాశం గారు. "మూడు నిమిషాలు ఎక్కడ పోయినాయమ్మా?"

"పైపులో నిలవున్న నీళ్ళు సార్. అవి ముందు బయటికి రావాలి. నేను లెక్కెయ్యలేదు."

"వెయ్యి. సోమవారం వెయ్యి. ఆ ముప్పై రిపోర్టులు కూడా బయటికి తియ్యి."

వెంకటరమణప్ప సీసా నింపించి, లక్క పోయించి, ఈ బోరు రేపే మూయించేస్తానన్నాడు. అక్కయమ్మ గరిటె అడ్డం పెట్టింది.

"మూసేస్తే మేం తాగేదేంది? ముందు కావేరి పైపు ఏయండి. ఏసేదాకా దినమూ మంచినీళ్ళ ట్యాంకరు ఇక్కడికి రావల్ల, షెడ్లకు కాదు. రాయి సామీ, అదీ రాయి."

ఆయన రాశాడు. సీసా మీద అంటించిన చీటీలో శాంపిలు తీసినవారు, సాక్షి అని రెండు గళ్ళు ఉన్నాయి. మొదటి గడిలో సంతకం పెట్టమని జ్ఞానప్రకాశం గారు తన పెన్ను లిడియాకు ఇచ్చారు. ఆమె పెట్టింది. రెండో గడిని ఆయన పూరించబోతుంటే, ఆమె పెన్ను తిరిగి ఇవ్వలేదు.

"ఆ టైములు చెప్పింది అక్కయమ్మ సార్," అంది.

అక్కయమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని పెన్ను అందుకుంది. గడి చిన్నది. ఆమె నేర్చుకున్న అక్షరాలు పెద్దవి. ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటూ, ఎండలో అందరూ నిలబడి చూస్తుండగా రాస్తూ పోయింది. పేరు గడి దాటింది, చీటీ అంచు దాటింది, చివరి అక్షరం సీసా గాజు మీదికి ఎక్కింది. ఎవరూ ఆపలేదు.